గ్రానైట్ గట్టు: మరక కంటే మందే ప్రమాదం

ఖరగ్‌పూర్ జంక్షన్ నుంచి టాటానగర్ వైపు వెళ్లే దారిలో, రైల్వే యార్డును ఆనుకుని ఉంటుంది నిమ్‌పురా. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో తెలుగు మాట వినబడటం వింతేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు తరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. ఇక్కడి తెలుగు వంటిళ్లలో ఆవనూనె, చింతపండు పక్కపక్కనే కనిపించినా ఆశ్చర్యం లేదు. గట్టు మీద పడే మరకల్లోనూ రెండు రాష్ట్రాల వాటా ఉంటుంది.

అలాంటి ఒక వంటిల్లు ఊహించుకుందాం. పండగ ముందు ఇల్లంతా కడుగుతున్నారు. నల్లగా మెరిసే గట్టు మీద, కుళాయి చుట్టూ తెల్లని పొర కట్టింది. సబ్బు నీళ్లతో తోమినా పోలేదు. బాత్రూం కడిగే యాసిడ్ సీసా గుర్తుకొచ్చింది. కొద్దిగా పోశారు. బుసబుసమని నురగ వచ్చి తెల్ల పొర పోయింది. ఆరాక చూస్తే ఆ మేరకు రాయి మెరుపు కూడా పోయింది. ఆ యాసిడ్ ఉండగానే శుభ్రం కోసమని బ్లీచింగ్ నీళ్లు కూడా పోసి ఉంటే, నష్టం రాయితో ఆగేది కాదు. ఊపిరి మీదికి వచ్చేది.

రాయే కదా, దానికేమవుతుంది అనుకోవడమే ఇక్కడ పొరపాటు. వంట వల్ల గ్రానైట్ గట్టుకు జరిగే చెరుపు తక్కువ. శుభ్రం చేసే తీరు వల్ల జరిగేదే ఎక్కువ. గట్టు మీద ఉన్నది ఏ రాయో, పడినది ఏ మరకో తెలిస్తే చాలావరకు గోరువెచ్చని నీళ్లు, పాత్రలు తోమే లిక్విడ్, ఒక మెత్తని గుడ్డతోనే పని జరిగిపోతుంది.

గ్రానైట్ అన్నదల్లా గ్రానైట్ కాదు

భూగర్భ శాస్త్రంలో గ్రానైట్ అంటే భూమి లోతుల్లో శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. అందులో ప్రధానంగా క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. కొంత అభ్రకం వంటి ఖనిజాలూ ఉంటాయి. రాళ్ల దుకాణంలో మాత్రం పాలిష్ పట్టే గట్టి రాయి ప్రతిదీ గ్రానైటే. ఈ రెండు అర్థాల మధ్య తేడా వంటింట్లో పనికొస్తుంది.

తెలంగాణలోని కరీంనగర్ ప్రాంతంలో తీసే గోధుమ, నలుపు రంగుల 'టాన్ బ్రౌన్' అసలైన గ్రానైట్ కుటుంబానిది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి చుట్టుపక్కల దొరికే నీలి రాయి తూర్పు కనుమల్లో వేడికి, ఒత్తిడికి రూపం మారిన శిలల కోవలోనిది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే 'బ్లాక్ గెలాక్సీ' అసలు గ్రానైటే కాదు. అది గాబ్రో కుటుంబపు శిల. నల్లని నేపథ్యంలో చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. ఈ రాతిలో క్వార్ట్‌జ్ దాదాపు ఉండదు.

రాయికి పేరు పెట్టిన కథల్లో ఒకటి ఖరగ్‌పూర్‌కు దగ్గర్లోనే ఉంది. కోల్‌కతా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి ఉంది. దాని మీది పలక మద్రాసు ప్రాంతం నుంచి వచ్చింది. ఆ రాతిని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్, 1893లో దానికి చార్నోకైట్ అని పేరు పెట్టారు. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే శిల ఇది. వ్యాపారంలో ఇలాంటి రాళ్లూ గ్రానైట్ పేరుతోనే చలామణీ అవుతాయి.

ఇక అసలు విషయం. క్వార్ట్‌జ్‌కు మామూలు ఆమ్లాలతో భయం లేదు. పొటాషియం ఎక్కువగా ఉండే ఫెల్డ్‌స్పార్ కూడా చాలా నిదానంగానే కరుగుతుంది. కానీ గాబ్రో వంటి నల్లరాళ్లలో ఉండేది కాల్షియం ఎక్కువగా ఉన్న ఫెల్డ్‌స్పార్. ఆమ్లంలో ఇది ఎన్నో రెట్లు వేగంగా దెబ్బతింటుంది. ఏ ఖనిజం ప్రకృతిలో త్వరగా శిథిలమవుతుంది, ఏది నిలుస్తుంది అనే వరుసను శామ్యూల్ గోల్డిచ్ 1938లో వివరించారు. ఆ వరుసలో కాల్షియం ఫెల్డ్‌స్పార్ త్వరగా పోయేవాటిలో, క్వార్ట్‌జ్ చివరిదాకా నిలిచేవాటిలో ఉన్నాయి. అంటే నల్లగా, దృఢంగా కనిపించే గట్టే యాసిడ్‌కు ఎక్కువ లొంగవచ్చు. ఊహించుకున్న వంటింట్లో జరిగింది ఇదే.

గీత ఎందుకు పడుతుంది?

ఖనిజాల గట్టిదనాన్ని ఫ్రెడరిక్ మోస్ 1812లో 1 నుంచి 10 వరకు వరుస పెట్టారు. పై అంకె ఉన్నది కింది అంకె ఉన్నదానిపై గీత పెడుతుంది. ఈ కొలతలో క్వార్ట్‌జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6, మామూలు ఉక్కు కత్తి సుమారు 5.5, పాలరాతిలోని కాల్సైట్ 3. అందుకే గ్రానైట్ మీద కత్తి జారితే సాధారణంగా కత్తి పదునే పోతుంది, రాయి కాదు.

మరి గీతలు ఎక్కడివి? ఒకటి ఇసుక. ఆకుకూరల వేళ్లతో, బయటి నుంచి తెచ్చిన సంచుల అడుగున వచ్చే ఇసుక రేణువు కూడా క్వార్ట్‌జే. రెండోది ఆకుపచ్చ గరుకు పీచు. ఈ రకం పీచుల్లో సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు ఉంటాయి. దాని గట్టిదనం 9. రోజూ దానితో తోమితే రాతిని సన్నగా ఉప్పు కాగితంతో రుద్దినట్టే. పొయ్యి బూడిద, ఇసుక కలిసిన తోముడు పొడులు ఇత్తడి చెంబుకు సరిపోతాయేమో గానీ పాలిష్ చేసిన రాతికి తగవు.

మెరుపు అంటే నునుపు. నునుపైన ఉపరితలం మీద పడిన కాంతి అద్దంలోలా ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది. సన్న గీతలు పడితే అదే కాంతి నలుదిక్కులా చెదురుతుంది. రంగు వెలిసినట్టు, బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో కొబ్బరినూనె గానీ కిరోసిన్ గానీ రాసి మెరిపిస్తారు. నూనె ఆ గీతల్లో నిండి కాంతి చెదరకుండా చేస్తుంది కాబట్టి ఒక పూట మెరుస్తుంది. ఆ తర్వాత దుమ్మును పట్టుకుని జిడ్డు పొరగా మారుతుంది. కిరోసిన్‌కైతే స్టవ్ పక్కన అసలు చోటే లేదు.

రాయి నీళ్లు తాగుతుందా?

తాగుతుంది, కొద్దిగా. పలుకుల మధ్య కంటికి కనబడని సందులు ఉంటాయి. నిర్మాణంలో వాడే గ్రానైట్ తన బరువులో 0.4 శాతానికి మించి నీటిని పీల్చకూడదని అమెరికాకు చెందిన ఏఎస్‌టీఎం ప్రమాణం చెబుతుంది. తక్కువే అనిపిస్తుంది. కానీ 18 మిల్లీమీటర్ల మందంతో ఒక చదరపు మీటరు పలక దాదాపు 48 కిలోలు తూగుతుంది. అందులో 0.4 శాతం అంటే సుమారు 190 గ్రాములు. ఒక గ్లాసుడు నీళ్లన్నమాట.

సన్నని సందుల్లోకి ద్రవం తనంతట తానే ఎగబాకడాన్ని కేశనాళికీయత అంటారు. దీపపు వత్తి నూనెను పైకి లాగేది ఇదే గుణంతో. ఎడ్వర్డ్ వాష్‌బర్న్ 1921లో ఇచ్చిన సూత్రం ప్రకారం ద్రవం చొచ్చుకుపోయే లోతు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఒక నిమిషంలో ఒక వంతు లోతు దిగితే, రెండు వంతులు దిగడానికి 4 నిమిషాలు, పది వంతులు దిగడానికి 100 నిమిషాలు పడతాయి. అంటే లోపలికి దూసుకుపోయే వేగం మొదట్లోనే ఎక్కువ. మొదటి నిమిషంలో తుడిచిన తుడుపు, మర్నాడు చేసే గంట శ్రమకు సమానం. పులుసు ఒలికిందని తెలిసీ రాత్రంతా, అంటే 8 గంటలు వదిలేస్తే, అది నిమిషంలో దిగినదానికి సుమారు 22 రెట్ల లోతుకు దిగగలదు.

నూనె చిక్కన కాబట్టి నీటికంటే నిదానంగా దిగుతుంది. కానీ కాగిన నూనె పలచనవుతుంది, వేగంగా దిగుతుంది. పైగా నీళ్లు ఆవిరైపోతాయి, నూనె పోదు. అందుకే పోపు చిందిన చోట నల్లటి మచ్చ నిలిచిపోతుంది. నూనె గానీ నీళ్లు గానీ సందుల్లో గాలి స్థానాన్ని ఆక్రమిస్తే, రాతికి, సందుకు మధ్య వక్రీభవన గుణకాల తేడా తగ్గుతుంది. కాంతి బయటికి చెదరడం మానేసి లోపలికి పోయి అక్కడే ఇంకిపోతుంది. తడిసిన రాయి ముదురుగా కనిపించడానికి కారణం ఇదే.

చేసి చూడండి: మీ గట్టును గుర్తించే నాలుగు పరీక్షలు

ఈ పరీక్షలను గట్టు బిగించినప్పుడు మిగిలిన ముక్క మీద గానీ, బయటికి కనబడని మూలలో గానీ చేయాలి.

1. నీటి చుక్క: శుభ్రంగా, పొడిగా ఉన్న చోట ఒక చెంచా నీళ్లు పోసి 15 నిమిషాలు ఆగాలి. తుడిచాక కింద రాయి ముదురు రంగుకు మారి ఉంటే అది నీటిని పీలుస్తోంది. మారకపోతే ప్రస్తుతానికి ఏ పూతా అక్కర్లేదు.

2. నిమ్మరసం: రెండు చుక్కలు వేసి 5 నిమిషాల తర్వాత కడిగి ఆరబెట్టాలి. పొంగు వచ్చినా, మెరుపు మందగించినా ఆ రాతికి పులుపు పడదు. పొంగు కాల్సైట్‌కు గుర్తు. అలాంటి గట్టు మీద నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ నిలవ ఉండకూడదు.

3. తెల్లగుడ్డ: గోళ్ల రంగు తీసే అసిటోన్‌తో తడిపిన తెల్లగుడ్డతో నల్లరాతిని రుద్దాలి. స్టవ్ ఆర్పి, కిటికీ తెరిచి చేయాలి. గుడ్డకు నలుపు అంటితే ఆ రాయికి రంగు గానీ పూత గానీ వేసి ఉండవచ్చు. ఘాటైన ద్రావణాలేవీ దానికి వాడకూడదు.

4. టార్చిలైటు: మెరుపు తగ్గిన చోట టార్చిని రాతికి దాదాపు ఆనించి, ఏటవాలుగా వెలిగించాలి. సన్న గీతలుంటే తళుక్కుమని బయటపడతాయి. గీతలు లేకుండా మసకగా ఉంటే ముందు శుభ్రంగా కడిగి తుడిచి చూడాలి. సరిగా కడగని సబ్బు పొర కూడా మెరుపును దాచేస్తుంది.

రోజూ చేయవలసినది

ముందుగా మెత్తని గుడ్డతో రేణువులను ఊడ్చేయాలి. రుద్దకూడదు. తర్వాత లీటరు గోరువెచ్చని నీటిలో పాత్రలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు వేసి తుడవాలి. ఆ లిక్విడ్ అణువుకు ఒక కొన నూనెను, మరో కొన నీటిని ఇష్టపడుతుంది. అలాంటి అణువులెన్నో నూనె బిందువును చుట్టుముట్టి నీటిలోకి ఎత్తుకుపోతాయి. అందుకు నాలుగు చుక్కలు చాలు. ఎక్కువ వేస్తే మిగిలిన లిక్విడే పొరగా నిలుస్తుంది. ఆపైన మంచినీళ్లతో ఒకసారి తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా చేయాలి. ఈ చివరి పనిని చాలామంది వదిలేస్తారు. గట్టు మీద నీళ్లు తమంతట తాము ఆరితే అందులోని కాల్షియం లవణాలు మిగిలిపోతాయి. కుళాయి చుట్టూ కట్టే తెల్ల పొర అదే.

చేపలు, మాంసం కోసిన చోటును సబ్బు నీళ్లతో కడిగాక, కావాలనుకుంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవవచ్చు. అది మండే ద్రవం కాబట్టి స్టవ్ ఆరిపోయి, చల్లారి ఉండాలి.

మరకను బట్టి మందు

తెల్ల పొర: నీళ్లలో తడిపిన గుడ్డను ఆ చోట అరగంట ఉంచి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా గీకాలి. కాల్సైట్ పొర మెత్తనిది, అడుగున ఉన్న రాయి గట్టిది. ఈ తేడాయే ఇక్కడ సాధనం. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయాలి. యాసిడ్ వద్దు. ఒకవేళ రాయి తట్టుకున్నా, సింకు అంచున ఉన్న సిమెంటు అతుకు తట్టుకోదు. అది కరిగితే నీళ్లు పలక కిందికి చేరతాయి.

నూనె మచ్చ: లోపలికి దిగిన నూనెను పైనుంచి రుద్ది తీయలేం. దెబ్బకు పట్టు వేసినట్టే రాతికీ పట్టు వేయాలి. వంటసోడాను నీళ్లతో పెరుగులా చిక్కగా కలిపి, రెండు చుక్కలు పాత్రల లిక్విడ్ వేసి, మచ్చ మీద అర సెంటీమీటరు మందాన పరచాలి. మచ్చ అంచు దాటి కొంచెం ఎక్కువ మేర ఉండాలి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచాలి. తర్వాత కాగితం తీసి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరేటప్పుడు పట్టు పైభాగం నుంచి తడి ఆవిరవుతూ ఉంటుంది. పొడిలోని సన్నని సందులు కిందినుంచి ద్రవాన్ని పైకి లాగుతాయి. దానితోపాటు జిడ్డూ వస్తుంది. మరకను లోపలికి లాగిన కేశనాళికీయతే ఇప్పుడు దాన్ని బయటికి తెస్తుంది. పాత మచ్చకు రెండు మూడుసార్లు వేయాల్సి రావచ్చు.

పసుపు: పసుపు రంగుకు కారణమైన కర్‌క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. పోపులో పడిన పసుపు నూనెతోపాటే రాతిలోకి దిగేది అందుకే. దాని మీద సోడా వేయగానే మరక ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు తయారైనట్టే, క్షారం తగిలి రంగు మారింది. కడిగితే మళ్లీ పసుపు రంగే వస్తుంది. లేతరంగు రాతి మీద నీళ్లకు బదులు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపిన సోడా పట్టు వేస్తే అది కర్‌క్యుమిన్‌ను ఆక్సీకరించి రంగు పోగొడుతుంది. సీసా మీద 6 శాతం అని ఉంటే అంతే నీళ్లు కలపాలి. చేతికి తొడుగులు వేసుకోవాలి. ఈ పట్టును మూతపెట్టిన డబ్బాలో నిలవ చేయకూడదు, వెలువడే ఆక్సిజన్ డబ్బాను పగలగొట్టగలదు. నల్లరాతి మీద ముందుగా మూలలో పరీక్షించాలి. ఎండ పడే గట్టయితే కొన్ని రోజులు ఆగినా చాలు. కర్‌క్యుమిన్ కాంతికి విరిగిపోతుంది.

తుప్పు: తడి ఇనుప మూకుడు, కత్తిపీట పెట్టిన చోట గుండ్రటి ఎర్ర మరక పడుతుంది. వాటిని తుడిచి పెట్టడమే మంచి మందు. బజారులోని కొన్ని తుప్పు మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, దాని లవణాలు గానీ ఉంటాయి. క్వార్ట్‌జ్‌ను సైతం కరిగించే ఆమ్లం అది. చర్మంలోంచి ఒంట్లోకి చేరి తీవ్రమైన హాని చేస్తుంది. అలాంటివి ఇంట్లోకే రాకూడదు.

కలపకూడని జత

మరుగుదొడ్డి శుభ్రం చేసే చాలా ద్రావణాల్లో సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. బట్టలకు, నేలకు వాడే బ్లీచ్‌లో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలిసినా అంతే. 1915లో ఈప్రె యుద్ధరంగంలో ఆయుధంగా వదిలిన వాయువు ఇదే. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి గాలి ఆడని చిన్న వంటింట్లో కిందనే పేరుకుంటుంది. కళ్లను, గొంతును మండించి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. నేల మీద పాకే పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ. వెనిగర్, నిమ్మరసం కూడా ఆమ్లాలే, వాటినీ బ్లీచ్‌తో కలపకూడదు. అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరమిన్లనే మరో విషవాయువుల గుంపు పుడుతుంది.

పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే, దాన్ని కడిగేద్దామని అక్కడే నిలబడకూడదు. పిల్లలు, పెద్దలతో సహా అందరూ వెంటనే ఆరుబయటికి వెళ్లాలి. దగ్గు, ఆయాసం, కళ్లమంట ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఒక మందు పని చేయలేదని దానిపైనే మరో మందు పోయడం మానుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

సీలర్ ఎప్పుడు? వేడి సంగతేమిటి?

నీటి చుక్క పరీక్షలో రాయి ముదురైతేనే సీలర్ అవసరం. మంచి సీలర్ రాతి మీద పొరలా నిలవదు. సందుల్లోకి దిగి వాటి గోడలను నీరు అంటని గుణానికి మారుస్తుంది. తామరాకు మీద నీటిబొట్టులా చుక్క ముడుచుకుని ఉంటుంది. పూత వేసి, డబ్బా మీద రాసినంత సమయం ఆగి, మిగిలినదంతా తుడిచేయాలి. ఒత్తుగా ఉన్న నల్లరాతికి అవసరం లేకుండా వేస్తే లోపలికి దిగలేక పైనే మసకగా ఆరిపోతుంది. సీలర్ మరకను ఆపదు, ఆలస్యం చేస్తుంది. యాసిడ్ నుంచి రాతిని కాపాడదు.

వేడికి గ్రానైట్ బాగానే ఓర్చుకుంటుంది. అయినా క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ ఒకే మోతాదులో వ్యాకోచించవు. క్వార్ట్‌జ్‌దే ఎక్కువ. కాగిన మూకుడును రోజూ ఒకేచోట దించితే పలుకుల మధ్య సందులు మెల్లగా పెరగవచ్చు. సింకు కోసం కోసిన చోట పలక సన్నని పట్టీగా మిగులుతుంది. పగుళ్లు రావడానికి వీలైన చోటు అదే. అక్కడ బరువు పెట్టకుండా, వేడి గిన్నె కింద ఒక చెక్క పీట వేస్తే సరిపోతుంది.

తెలుగు ఇళ్లకు రాతి సంరక్షణ కొత్తదేమీ కాదు. రోలు, తిరగలి నునుపెక్కితే కక్కు కొట్టించి మళ్లీ గరుకు చేయించుకునేవారు. నూరే రాతికి గరుకు కావాలి, గట్టు రాతికి నునుపు కావాలి. ఏ రాతికి ఏది అవసరమో ఆ తరానికి తెలుసు. నిమ్‌పురాలోనైనా, టెక్కలిలోనైనా, యాసిడ్ సీసా మూత తీసేముందు ఈ గట్టు ఏ రాయి, ఈ మరక దేనిది అని అడుగుకుంటే చాలు. ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒక్కటే: తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ.